విమాన వార్తలను చదువవలసిన విధము

సికిందరాబాదు వాసులకు విమానము క్రొత్త వస్తువు కాదు. బేగంపేట విమానాశ్రయము మన పొలిమేరలోనే యున్నది. నిజాము ప్రభుత్వకాలమున, 1930 దశకములో నేర్పడిన యా మైదానమునుండి, 1945వ సంవత్సరమున స్థాపింపబడిన దక్కను ఎయిర్‌వేస్ కంపెనీవారి డకోటా విమానములు పలు పట్టణములకు నడచెను. 1953లో ఆ కంపెనీ తక్కిన కంపెనీలతోబాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో కలసిపోయెను. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను, విమానముతోడి మన సంబంధము తగ్గలేదు, పెరిగినది. గల్ఫు దేశములలో పని చేయు తండ్రియో, అమెరికాలో చదువుకొను అన్నయో, బొంబాయిలో నుద్యోగము చేయు మేనమామయో లేని యిల్లు మన పేటలలో నరుదు.

అందుచేతనే విమానములనుగూర్చిన వార్తలు మన యిండ్లలో నంతటి కలవరము కలిగించుచున్నవి. టెలివిజను తెర క్రింది భాగమున "త్రుటిలో తప్పిన ఘోర ప్రమాదము" అను నక్షరములు పరుగెత్తును. ఏ విమానము, ఎక్కడిది, ఏమి జరిగినది అను సంగతి తెలియకమునుపే తల్లి చేతిలోని పని వదలి ఫోను చేత బట్టుకొనును. అవతల కుమారుడు విమానములోనే యున్నచో ఫోను పలుకదు. గంటసేపటికి తెలియవచ్చునది యేమనగా, ఒక దీపము వెలిగినందున విమానచోదకుడు విమానమును వెనుకకు మరలించి సుఖముగా దింపెననియు, ఎవరికిని గాయము కూడ కాలేదనియు. ఆ గంటసేపు ఆ తల్లి పడిన వేదనకు కారణము విమానమా, వార్తయా? ఈ ప్రశ్ననే మేమిచ్చట విచారింపదలచితిమి.

మొదట మాటల అర్థము తెలిసికొనవలెను. 1944వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన షికాగో నగరమున పలు దేశములవారు కూడి విమానయానమును గూర్చి యొక యొడంబడిక చేసికొనిరి. దాని ననుసరించి యేర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారు విమానమునకు గలుగు నాపదలను మూడు తెగలుగా విభజించిరి. ప్రయాణమునకై జనులు విమానమెక్కినది మొదలు అందరును దిగువరకు ఎవరైనను మరణించినను, తీవ్రముగా గాయపడినను, విమానపు దేహమునకు పెద్ద హాని కలిగినను, విమానమే కనబడకపోయినను అది 'ప్రమాదము'. ప్రమాదము కాకపోయినను దానికి మిక్కిలి సమీపమునకు వచ్చినచో 'తీవ్ర సంఘటన'. విమాన క్షేమమునకు భంగము కలిగించినదో, కలిగింపగలిగినదో యగు తక్కినది 'సంఘటన'. మన దేశమునను ఈ విభాగమే అమలులో నున్నది. 2012లో నేర్పడిన విమాన ప్రమాదముల దర్యాప్తు సంస్థవారు పెద్ద విషయములను, పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారు చిన్న విషయములను విచారింతురు. ఈ మూడు తెగలను ఒకే పెద్ద అక్షరములతో అచ్చువేసినచో, చదువరికి వాని భేదము తెలియు మార్గము లేదు.

వార్తలలో తరచుగ కానవచ్చు కొన్ని మాటలను చూతము. "గాలిలో చక్కర్లు కొట్టిన విమానము" అని వ్రాయుదురు. బయలుదేరిన కొద్ది సేపటికే మరలి రావలసిన విమానమున ఇంధనము నిండుగా నుండును. అంత బరువుతో దిగుట చక్రములకును, దేహమునకును మంచిది కాదు. అందుచేత తొందర లేనప్పుడు చోదకుడు కొంతసేపు తిరిగి ఇంధనమును తగ్గించుకొని దిగును. అది దిక్కుతోచక తిరుగుట కాదు, ఆలోచించి తిరుగుట. "దిగబోయి మరల పైకి లేచిన విమానము" అని మరియొక శీర్షిక. దిగుదారి సరిగా కనబడకున్నను, ముందటి విమానము దారి వదలకున్నను, గాలి వాలు మారినను మరల పైకి లేచి మరియొకసారి ప్రయత్నింపవలెనని చోదకులకు నేర్పుదురు. పైకి లేచినవాడు నియమము పాటించినవాడు. 2010 మే 22వ తేదీన మంగుళూరులో విమానము దారి దాటి లోయలో పడి 158 మంది మరణించిన యుదంతమున, మరల పైకి లేపుడని సహచోదకుడు హెచ్చరించినను ముఖ్యచోదకుడు వినలేదని విచారణలో తేలినది. కావున పైకి లేచిన విమానమును జూచి భయపడుటకంటె సంతసించుట న్యాయము.

"ఒక యింజను ఆగిపోయిన విమానము" అను వార్త విన్నంతనే గుండె జల్లుమనును. కాని రెండు ఇంజనులుగల ప్రయాణికుల విమానమును, నేల విడుచు సమయమున నొకటి ఆగినను రెండవదానితో పైకి లేచి, తిరిగి దిగగలుగునట్లు నిర్మించి పరీక్షించిన పిదపనే ప్రయాణికుల నెక్కింప ననుమతింతురు. "ఒక్కసారిగా వేల అడుగులు జారిన విమానము" అను వార్త యిట్టిదే. లోపలి గాలిపీడనము తగ్గినచో, ముసుగులు ధరించి ఊపిరి పీల్చుకొనవలసిన కాలమును తగ్గించుటకై చోదకుడు విమానమును పదివేల అడుగుల ప్రాంతమునకు వేగముగా దింపును. అచ్చట ముసుగు లేకయే ఊపిరి పీల్చుకొనవచ్చును. లోపలి వారికది పడిపోవుచున్నట్లు తోచును. చోదకునకు అది అభ్యాసము చేసిన పాఠము.

ఇక లెక్కలకు వత్తము. అంతర్జాతీయ విమాన రవాణా సంఘమువారి గణన ప్రకారము 2024లో ప్రపంచమున సుమారు 4 కోట్ల 6 లక్షల విమానయాత్రలు జరిగెను. వానిలో ప్రాణనష్టము కలిగించిన ప్రమాదములు 7, విమానములలో మరణించినవారు 244 మంది. అనగా సుమారు 58 లక్షల యాత్రలకు ఒకటి చొప్పున ప్రాణాంతకమైన ప్రమాదము జరిగినదన్నమాట. అంతకు ముందటి 2023లో అట్టి ప్రమాద మొక్కటియే, మృతులు 72 మంది. ఈ రెండు సంఖ్యలను మాత్రమే చూచినవాడు "ఒక్క యేడాదిలో మరణములు మూడు రెట్లైనవి" అని కేక వేయవచ్చును. కాని యింత చిన్న సంఖ్యలు ఏటేట ఎగుడుదిగుడులుగా నుండుట సహజము. సత్యము తెలియవలెనన్న దీర్ఘకాలపు సగటును చూడవలెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయ పండితు లట్టి లెక్క చేసిరి. 1968 మొదలు 1977 వరకు ప్రపంచమున మూడున్నర లక్షల మంది విమాన మెక్కినచో నొకరు మరణించుచుండగా, 2018 మొదలు 2022 వరకు 1 కోటి 37 లక్షల మందికి ఒకరు చొప్పున మాత్రమే మరణించిరని వారు చూపిరి. మన దేశపు రోడ్లమీద 2022లో ఒక్క సంవత్సరముననే 1,68,491 మంది, అనగా దినమునకు సుమారు 460 మంది మరణించిరి. విమానాశ్రయమునకు బోవు దారియే విమానపు దారికంటె ఎక్కువ జాగ్రత్త కోరునది.

విమాన కంపెనీల మంచిచెడ్డలను పోల్చునప్పుడు విద్యార్థులు తాము తరగతిలో నేర్చిన నిష్పత్తిని మరువరాదు. లెక్కకొరకు రెండు కంపెనీల ననుకొందము. మొదటిది దినమునకు వేయి యాత్రలు నడుపును, రెండవది ఏబది నడుపును. ముప్పది దినములలో మొదటిదానికి పది సంఘటనలు, రెండవదానికి మూడు సంఘటనలు కలిగినవి. పత్రికలో మొదటి కంపెనీ పేరు పదిమారులు, రెండవదాని పేరు మూడుమారులు వచ్చును. చదువరి మొదటిదే చెడ్డదనుకొనును. లెక్కించి చూడగా, మొదటిదానిలో మూడువేల యాత్రలకు ఒక సంఘటన, రెండవదానిలో ఐదువందల యాత్రలకే ఒక సంఘటన. రెండవదాని స్థితి ఆరు రెట్లు హీనముగా నున్నది. మరియొక చిక్కు కూడ గలదు. తన లోపములను తానే నిజాయితీతో వ్రాసి తెలుపు కంపెనీకి లెక్కలో సంఘటనలు హెచ్చుగా కనబడును. దాచువానికి తక్కువగా కనబడును. కావున సంఘటనల సంఖ్య మాత్రమే గుణమునకు కొలత కానేరదు.

మన నగరమునకు సంబంధించిన యుదాహరణమునే చూతము. 2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి వచ్చుచున్న స్పైస్‌జెట్ కంపెనీవారి చిన్న విమానములో పొగ నిండగా, అది శంషాబాదున అత్యవసరముగా దిగెను. ప్రయాణికులు అందరును ప్రాణములతో బయటపడిరి. ఒకరికి కాలు గీరుకొనిపోయెను. తెల్లవారునప్పటికి పొగ నిండిన విమానపు చిత్రములు దేశమంతట వ్యాపించెను. ఇది మొదటిసారి కాదు. ఆ వేసవిలోనే ఆ కంపెనీ విమానములలో వరుసగా పలు సంఘటనలు జరుగగా, జూలైలో ప్రభుత్వమువారు సంజాయిషీ కోరి, ఎనిమిది వారములపాటు సగము యాత్రలు మాత్రమే నడుపవలెనని యాజ్ఞాపించియుండిరి. అదే కాలమున విమానయాన శాఖాధికారి, ఇట్టి సంఘటనలు అన్ని కంపెనీలకును కలుగుచున్నవనియు, మన దేశమునకు వచ్చు విదేశీ విమానములకును పదునారు దినములలో పదునైదు సాంకేతిక లోపములు కలిగినవనియు చెప్పెను.

ఇందులో ఎవరి మాట నిజము? రెండును నిజమే. సాంకేతిక లోపము ప్రతి కంపెనీకిని కలుగునను మాట నిజము. ఒక కంపెనీలో నవి వరుసగా కలిగినచో ఆగి చూడవలెననుటయు నిజము. గోవా విమానము పిదప అధికారులు పొగ చిత్రములను జూచి యూరకుండలేదు. ఇంజను నూనె గాలిమార్గములోనికి జొరబడినందున పొగ పుట్టెనని గుర్తించి, ఆ జాతి విమానముల యింజనుల నన్నిటిని పరీక్షింపవలెననియు, నూనె మచ్చులను తరచుగా పరిశోధనకు పంపవలెననియు ఉత్తరువు చేసిరి. పొగ చిత్రము ఒక్క రాత్రిలో పాతబడిపోయినది. నూనె పరీక్ష తరువాతి ప్రయాణికుల ప్రాణములను కాచునది. కాని మన యిండ్లలో చిత్రమును చూచినవారు వేలు, పరీక్షను గూర్చి చదివినవారు పదుగురు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి చిన్న సంఘటనలను లెక్కచేయ నక్కరలేదని ఎవరును తలపరాదు. సామాన్యునకు చిన్నదైనది పనివానికి చిన్నది కాదు. 1993 నవంబరు 15వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ విమానము హైదరాబాదున దిగబోయి, దారి సరిగా కనబడనందున మరల పైకి లేచెను. అప్పుడు రెక్కల వెనుక నంచున నుండు ఫ్లాపులు చిక్కుకొని లోపలికి ముడుచుకొనవయ్యెను. ఫ్లాపులు చాచియున్న విమానము గాలిని ఎదిరించుచు మెల్లగా పోవును, ఇంధనమును మిక్కుటముగ త్రాగును. లోపమును సరిచేయ కొంతసేపు ప్రయత్నించిన పిదప మద్రాసునకు మరలిరి. నడుమనే ఇంధనము తరుగగా తిరుపతి సమీపమున వరిపొలములో దింపవలసివచ్చెను. అందున్న 262 మందియు బ్రతికిరి. వారిలో తెలుగు చలనచిత్ర రంగమువారు పలువు రుండుటచేత ఆ వార్త యింటింట చెప్పుకొనబడెను. విమానము మాత్రము మరల పనికి రాలేదు. దృష్టి యానకుండుట యొక చిన్న సంగతి, ఫ్లాపు చిక్కుట యొక చిన్న సంగతి, దూరమున్న విమానాశ్రయమునకు మరలుట యొక చిన్న సంగతి. మూడును కలసి పెద్ద యాపద యయ్యెను. విమాన ప్రమాదములలో పెక్కు ఇట్లే ఒకదాని వెంట నొకటి కూడుకొనినవి.

చిన్న హెచ్చరికను పెడచెవిని పెట్టినందున జరిగిన ఘోరమునకు విదేశముల యుదాహరణములు కలవు. 1972 జూన్ 12వ తేదీన అమెరికా దేశపు డెట్రాయిట్ నుండి లేచిన డీసీ-10 విమానమునకు వెనుకటి సామానుల తలుపు ఆకాశమున ఊడిపోయెను. చోదకుని నేర్పువలన అందరును బ్రతికిరి. తలుపు గడియను మార్చవలెనని విచారణాధికారులు చెప్పినను, దానిని శాసనముగా విధింపక కంపెనీవారితో నోటిమాటతో సరిపుచ్చిరి. 1974 మార్చి 3వ తేదీన పారిసు సమీపమున అదే జాతి టర్కీ విమానపు అదే తలుపు ఊడి 346 మంది మరణించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 1వ తేదీన వాషింగ్టను నగరమునకు దిగవచ్చుచున్న మరియొక విమానము, దిగుదలను గూర్చిన అనుమతిని పొరబాటుగా నర్థము చేసికొన్నందున కొండను ఢీకొని 92 మంది మరణించిరి. ఆరు వారముల క్రితమే వేరొక కంపెనీ చోదకులు అదే పొరబాటు చేసి యెట్లో బ్రతికి, ఆ సంగతిని తమ కంపెనీవారికి తెలిపియుండిరి. ఆ కంపెనీవారు తమ చోదకులను హెచ్చరించిరి గాని, ఆ మాట గోడ దాటి తక్కిన కంపెనీలకు చేరలేదు. చేరియున్నచో ఆ 92 మంది బ్రతికియుండెడివారేమో! ఈ దుఃఖము పిదపనే 1976లో అమెరికావారు, చోదకులు తమ పొరబాటులను శిక్షాభయము లేక తెలుపుకొను పద్ధతి నొకదానిని ఏర్పరచిరి.

ఇచ్చటనే పత్రికల బాధ్యత కలదు. ప్రతి చిన్న సంఘటనకును చోదకుని దోషిగా నిలిపి కేకలు వేసినచో, రేపటి చోదకుడు తన పొరబాటును చెప్పుటకు వెనుదీయును. వెనుకకు మరలుటకు సిగ్గుపడును. సిగ్గుపడి ముందునకు పోయినచో అపాయము వచ్చును. విచారణ యొక్క ఏకైక ప్రయోజనము ముందు ప్రమాదములు రాకుండ జేయుటయే కాని, నిందను పంచిపెట్టుట కాదని అంతర్జాతీయ నియమములు చెప్పుచున్నవి. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదున జరిగిన ప్రమాదమున విమానములోని 242 మందిలో నొక్కడు తప్ప అందరును, నేలమీద 19 మందియు మరణించిరి. మరునెల వెలువడిన ప్రాథమిక నివేదికలో, విమానము లేచిన వెంటనే ఇంజనులకు ఇంధనము నిచ్చు మీటలు రెండును 'ఆపు' స్థానమునకు మారెనని మాత్రమే యున్నది, ఎవరు మార్చిరో, ఎట్లు మారెనో తీర్పు చెప్పబడలేదు. అయినను తమ్ము తాము సమర్థించుకొనలేని మృతచోదకులపై తీర్పులు చెప్పినవారు పెక్కురు. అది న్యాయము కాదు. అటుపై కొన్ని వారములు, ప్రతి దినమును జరుగు సామాన్యమైన మరలింపులు సైతము పెద్ద శీర్షికలయ్యెను. విమానములు హఠాత్తుగా చెడిపోలేదు, చూచువారి కన్ను మారినది.

భయమును ఆటవస్తువు చేసినవారును కలరు. 2024 అక్టోబరు నెలలో మన దేశపు విమానములకు వందలకొలది బూటకపు బాంబు బెదరింపులు వచ్చెను. ఒక కేసున పట్టుబడినవాడు పదునేడేండ్ల బాలుడు. 2025 జూన్ 15వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టునుండి హైదరాబాదునకు బయలుదేరిన విమాన మొకటి బెదరింపు కారణముగా మధ్యదారినుండి మరలిపోవలసి వచ్చెను. ఇచ్చట ఎదురుచూచుచున్న కుటుంబముల మనోవ్యథను ఎవరు తీర్తురు? విద్యార్థులు దీనిని చక్కగా గ్రహింపవలెను. పరిహాసమునకు ఫోనులో వ్రాసిన యొక వాక్యము వందలాది ప్రయాణికులను దారి మరల్పగలదు, వ్రాసినవానిని చెరసాల వాకిటికి చేర్పగలదు.

కావున విమానవార్త కనబడినప్పుడు చదువరులు అయిదు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఇది ప్రమాదమా, తీవ్ర సంఘటనయా, సామాన్య సంఘటనయా? చోదకుడు చేసినది నియమానుసారమైన జాగ్రత్తయా, నియమోల్లంఘనమా? ఈ మాట చెప్పినది ఎవరు, అధికారులా, కంపెనీవారా, కలతపడిన ప్రయాణికుడా? ఎన్ని యాత్రలకు ఇట్టిది ఒకటి జరిగినది? ఇదే లోపము మరల మరల కలుగుచున్నదా? అయిదవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. మొదటి నాలుగు ప్రశ్నలు మన భయమును తగ్గించును, అయిదవది మనలను మేల్కొలుపును.

విమాన మెక్కనివారును విమాన క్షేమమునకు తోడ్పడవచ్చును. విమానాశ్రయమునకు పది కిలోమీటరుల లోపల చెత్తను, జంతుకళేబరములను పారవేయరాదని 1937 నాటి విమాన నియమములలోనే వ్రాయబడినది. చెత్తకు గ్రద్దలు చేరును, గ్రద్దలు ఇంజనులలో పడును. బేగంపేట, హకీంపేట మైదానముల నడుమ నివసించు మన కిది వర్తించును. విమాన మెక్కినవారు కూర్చున్నంతసేపును నడికట్టు బిగించియుండుటయు, బయటపడు ద్వారము తమ కెన్ని వరుసల దూరమున నున్నదో లెక్కపెట్టుకొనుటయు, ప్రమాదవేళ సామానులకై చేయి చాపక దిగుటయు నేర్చుకొనవలెను.

భయము ప్రాణములను కాపాడదు, నిర్లక్ష్యమును కాపాడదు. తెలిసికొని జాగ్రత్తపడుటయే కాపాడును. ఇంట పెద్దలు టెలివిజను ముందు కలవరపడునప్పుడు, ఈ పాఠశాలలో చదువుకొను బాలబాలికలు వారి ప్రక్కన గూర్చుండి, "అమ్మా, ముందు ఏమి జరిగినదో పూర్తిగా చదువుదము" అని చెప్పగలిగినచో, ఈ వ్యాసము వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.